పాలు తాగిన జెర్రిపోతు

ఆశ్రమాన్ని నడిపే విరజమ్మ గారు ప్రశ్నకు జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. అందుకే అక్కడ ఒళ్ళు వంగనివాళ్ళెవరూ ఆవిడను ప్రశ్నలడిగేవారు కాదు. రోజూ ఇంటి నుంచి వచ్చి ధాన్యపు కొట్టు చూసుకునే పరాంకుశం మాత్రం ఆ ఉదయం ఉండబట్టలేక అడిగాడు.

“అమ్మా, మా నాంచారు చిక్కి శల్యమైపోతోంది. జబ్బేమీ లేదంటున్నారు వైద్యులు. నేను దేనికీ లోటు చెయ్యలేదు. పెళ్ళికి ముందు ఊరూరా తిరిగి బుర్రకథలు చెప్పేది. గృహిణికి ఆ గంతులెందుకన్నాను, ఇష్టంగానే మానేసింది. భజనలు నేర్పించాను, ఇష్టంగానే పాడుతోంది. అన్నీ ఇష్టంగా చేసే మనిషి ఇలా ఎందుకైపోతుంది?”

“నీ సాధువును తీసుకురా” అన్నారావిడ.

సాధువంటే పాము. ధాన్యపు కొట్టులో దొరికిన జెర్రిపోతు పిల్ల, విషం లేనిది. పరాంకుశం దాన్ని మూతబుట్టలో పెట్టి, ఏపుగా ఎదగాలని రోజూ పాలలో అరటిపండు చిదిపి పెట్టేవాడు. ఆశ్రమంలో పెరిగే పాము కప్పల్నీ ఎలుకల్నీ తినడమేమిటి, అపచారం కాదూ! మూత తీయగానే అది పాలలో మూతి పెట్టేది. చూడవచ్చినవాళ్ళు చెంపలేసుకునేవారు. అది నులకతాడులా సన్నబడిపోతుంటే, తపస్సనుకున్నారు.

“పాలగిన్నె పక్కన మంచినీళ్ళు కూడా పెట్టు” అన్నారు విరజమ్మ.

పెట్టాడు. పాము బయటికొచ్చింది. పాలగిన్నెను దాటుకుని పోయి, నీళ్ళలో తల ముంచింది. తాగింది. గొంతు కదలడం ఆగకుండా తాగింది.

పరాంకుశం నోరెళ్ళబెట్టాడు. “మరి ఇన్నాళ్ళూ పాలు ఇష్టంగా తాగిందే!”

“దాహానికి తాగింది. నువ్వు ఇంకేం పెట్టావు గనక?”

అంతలో వాన చినుకులకు వసారాలోకి ఓ కప్పపిల్ల గెంతింది. కదలడానికే ఓపిక లేదనుకున్న పాము వడిసెలలోంచి విసిరిన రాయిలా దాని మీద పడింది. పరాంకుశం కెవ్వుమన్నాడు. రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు, మళ్ళీ తనే వేళ్ళ సందుల్లోంచి చూశాడు. ఇన్నాళ్ళూ తను పెంచినది ఎవరిని? ఈ దవడలు, ఈ వేగం, ఈ ఆకలి ఎక్కడున్నాయి ఇంతకాలం? కప్పను మింగిన పాము నిగనిగలాడుతూ గడప వైపు పాకింది. వెనక్కి చూడలేదు.

పాడమనగానే నోరు తెరిచే నాంచారు కళ్ళ ముందు మెదిలింది. తను పాడమనని రోజున ఆ నోట మాట విన్న గుర్తే లేదతనికి.

“అమ్మా, తప్పయిపోయింది. ఇప్పుడే ఇంటికి పోతాను. ఆమెకేం పెట్టమంటారో చెప్పండి.”

విరజమ్మ ఖాళీ బుట్టను కాలితో అతని వైపు నెట్టారు.

“పెట్టడం తరవాత, నాయనా. ముందు మూత తియ్యి.”