పశ్చాత్తాపానికి పదికి పది

కదళీపుర ప్రభువు జయకేతుడికి రెండు నెలలకో కొత్త పిచ్చి పట్టడం ఆనవాయితీ. ఆసారి పట్టింది నిర్వహణ విద్య.

ఓడలో వచ్చిన వర్తకుడొకడు, "మా దేశంలో వ్యాపారం నేర్చుకునేవాళ్లు రోజూ తమ పనిలో తప్పొప్పులు తామే తలచుకుని, రాసి, నలుగురూ చదివేలా పెడతారు ప్రభూ" అన్నాడు. ఇంకేం! మర్నాటికల్లా కొలువుకూటం ముందు ఒక తాడు వెలిసింది. కోటలో ప్రతి అధికారీ రోజుకో తాటాకు రాసి దానికి తగిలించాలని చాటింపు వేయించారు. ఆ తాటాకు పేరు టపా. ఇప్పుడు ఎంబీఏ పిల్లల చేత మార్కుల కోసం బ్లాగులు రాయిస్తున్నారే, అచ్చం ఆ పుణ్యమే.

నలభై రోజుల చదువు. చివరికి అందరికన్నా తక్కువ మార్కులు వచ్చినవాడి పదవి కూడా, అందరికన్నా ఎక్కువ వచ్చినవాడికే.

మార్కులు వేయడానికి ఆచార్య గంభీరపాదులవారు దొరికారు. ఆయన జన్మలో ఒక్క దుకాణం నడపలేదు, ఒక్క పనివాడికి పని పురమాయించలేదు. కాబట్టి నిర్వహణ బోధించడానికి ఆయనకు ఏ అడ్డూ లేకపోయింది.

వంటశాల పెద్ద ఓబన్నకు ఈ చదువు మొదటిరోజే కొరకరాని కొయ్య అయింది. తల గోక్కుని గోక్కుని రాశాడు: "ఈరోజు పప్పు అడుగంటింది. పొయ్యి చూసుకోకుండా కబుర్లలో పడ్డాను. రేపు పడను."

ఆచార్యులు పదికి ఒకటి వేశారు.

"లోతు లేదయ్యా!"

"అడుగంటిందని రాశాను కదా అయ్యగారూ! అడుగుకన్నా లోతు ఎక్కడుంటుంది?"

ఆ ఒక్క మార్కూ కొట్టేశారు.

మర్నాడు ఓబన్న, "ఈరోజు పప్పు బాగా కుదిరింది" అని రాశాడు. సున్నా.

"తప్పు చేయనిదే పశ్చాత్తాపం ఏది? పశ్చాత్తాపం లేనిదే ఆత్మపరిశీలన ఏది?" అని ఆచార్యులు మండిపడ్డారు.

ఈ కిటుకు ఉగ్రాణాధికారి వల్లభయ్యకు వెంటనే పట్టుబడింది. కోటలోని బియ్యం, పప్పులు, చింతపండు అన్నీ ఆయన అధీనంలోనే ఉంటాయి. ఆయన రాశాడు: "గాదెలో ఎలుకలు పడ్డాయి. అవి కొరికినవి గింజల్ని కావు, నా అంతరాత్మని." పదికి పది! మర్నాడు కప్పు కారి వంద బస్తాలు తడిశాయి, ఆ పైన వల్లభయ్య కన్నీళ్లతో ఇంకోసారి తడిశాయి. పదికి పది! ఆ తర్వాత బూజు, పురుగు, ఒక త్రాచుపాము కూడా వచ్చి వెళ్లాయి.

ఓబన్న రోజూ అక్కడే బియ్యం కొలిపించుకునేవాడు. ఎలుక మాట దేవుడెరుగు, ఎలుక తోక కూడా ఎప్పుడూ కనబడలేదు.

ముప్పై తొమ్మిదో రోజున వల్లభయ్య వంటశాల గుమ్మంలో నిలబడి మీసం దువ్వుకున్నాడు. "ఓబన్నా, ఎల్లుండి నుంచి ఈ వంటశాలా నాదే. బెంగపడకు, అంట్లు తోమే పని నీకే ఇప్పిస్తాలే."

ఇరవై ఏళ్లు పొయ్యి ముందు గడిపినవాడికి ఆ మాట వినగానే ఒళ్లు మండింది. ఏడుపు కూడా వచ్చింది. కళ్లు తుడుచుకుని, ఒక మంచి తాటాకు వెతుక్కుని కూర్చున్నాడు.

నలభయ్యో రోజు మధ్యాహ్నం జయకేతుడు సుష్టుగా భోంచేసి, తాంబూలం నములుతూ తాడు దగ్గరికి వచ్చాడు. ఓబన్న రాసిన టపా తీసి సభకంతా వినిపించేలా తానే చదివాడు.

"వల్లభయ్యగారి టపాలన్నీ చదివాను. ఎలుకలు కొరికిన బియ్యమనీ, పురుగు పట్టిన పప్పనీ ఆయనే రాశారు. నిజమే కాబోలు, ఆచార్యులవారు పదికి పది వేశారు. అయినా బుద్ధి లేక నలభై రోజులూ ప్రభువులకు వాటినే వండి పెట్టాను. ఈ పూట పులిహోర కూడా ఆ బియ్యంతోనే. ఇంతకన్నా పెద్ద తప్పు నా దగ్గర లేదు."

రాజు తాంబూలం ఉమ్మేశాడు.

"వల్లభయ్యా! ఇన్నాళ్లూ నేను తిన్నది ఎలుకల ఎంగిలా?"

వల్లభయ్య దబ్బున కాళ్ల మీద పడ్డాడు. "లేదు ప్రభూ! ఎలుకలు లేవు, పురుగులు లేవు, కప్పు కారలేదు. పిల్లల మీద ఒట్టు! అన్నీ మార్కుల కోసం కల్పించి రాశాను!"

"ఏం ఓబన్నా, ఏమంటావు?"

"రాసింది నిజమైతే ఆయన పదవి ఊడాలి, అబద్ధమైతే మార్కులు ఊడాలి. ఏది ఊడాలో ఆయన్నే చెప్పమనండి ప్రభూ."

"మార్కులే! మార్కులే!" అని వల్లభయ్య గోలపెట్టాడు.

రాజు ఆచార్యులవైపు తిరిగాడు. "మరి తమరు ఏం చూసి పదికి పది వేశారు?"

"లోతు... లోతు చూశాను ప్రభూ" అని నసిగారు గంభీరపాదులు.

ఓబన్న చేతులు కట్టుకున్నాడు.

"లేని ఎలుకలు తవ్విన కన్నాలు కదా ప్రభూ, ఎంత లోతు కావాలంటే అంత!"

సభ గొల్లుమంది. జయకేతుడు పొట్ట పట్టుకుని నవ్వి, తన చేతి కంకణం తీసి ఓబన్నకు తొడిగాడు. వల్లభయ్య మార్కులన్నీ ఊడాయి, వంటశాల ఓబన్నకే ఉండిపోయింది. ఆచార్యులవారికి మాత్రం నలభై రోజులు ఉగ్రాణంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరాలనీ, ఏ పూటకాపూట టపా రాయాలనీ ఆజ్ఞ అయింది. మార్కులు వేసేది ఓబన్న.