ఎర్రచిగురు కాఫీ

మా పేరిశాస్త్రిగారిని ప్రశ్న అడిగినవాడు జవాబు పట్టుకుని ఇంటికి వెళ్ళిన దాఖలా లేదు. ఏదో ఒక ఊసు చెప్పి పంపించేసేవారు. దాన్ని దారి పొడుగునా నములుకుంటూ పోవడం మన వంతు. నర్సీపట్నంలో ఆయన అరుగు మీద కూర్చున్నవాళ్ళందరికీ ఇది అనుభవమే, నాతో సహా.

ఓ సాయంత్రం జోగారావు వచ్చాడు. మాలో పద్యం కట్టగలవాడు అతనొక్కడే. రోజూ పూజలో దేవుడికి ఓ కొత్త పద్యం వినిపిస్తాడు. ఆ రోజు ముఖం వేలాడేసుకుని అడిగాడు.

"గురువుగారూ, పద్యాలు బాగానే కుదురుతున్నాయి. కానీ లోపల ఏమీ కదలడం లేదు. పద్యం అయిపోయాక నోటికి వచ్చే మాటలు వేరే ఉంటాయి. అన్నీ ఏడుపులూ బెంగలూను. అవి దేవుడి ముందు పెట్టేవి కావని మింగేస్తాను. నా పూజలో ఇంకా ఏం చేర్చమంటారు?"

శాస్త్రిగారు కండువా సర్దుకుని, "పాడేరు పైన కొండల్లో ఓ కాఫీతోట ఉంది," అని మొదలుపెట్టారు. జోగారావు నిట్టూర్చాడు. తప్పదని అతనికీ తెలుసు. ఆయన చెప్పింది ఇది.

ఆ తోట సీదరి చిలకమ్మది, ఆవిడ కొడుకు బొంజన్నది. ఇంటిల్లిపాదీ అందులోనే కష్టపడతారు. పై గట్టు మీద, మిరియాల తీగలు పాకిన నీడచెట్ల కింద, వేరే రకం కాఫీ చెట్లు కొన్ని ఉన్నాయి. చిగురు రాగిరంగులో వేస్తాయి గనక ఎర్రచిగురు అంటారు. ఆ కొండల్లో ఇంకెవరి దగ్గరా ఆ రకం లేదు. చిలకమ్మా, ఆవిడ పెనిమిటీ కాపురం పెట్టిన కొత్తల్లో నాటినవి. ఆయన పోయాడు, చెట్లు మిగిలాయి. ఆవిడ వాటి కింద కూర్చుని, ఆయనతో మాట్లాడినట్టే మాట్లాడుతూ ఉండేది.

కాపు మాత్రం అంతంతమాత్రం. బొంజన్న చెడ్డవాడు కాదు, పిల్లలు గలవాడు. వానలు పడేలోగా వాటిని కొట్టేసి, బాగా కాసే రకం వేద్దామనుకున్నాడు. తల్లి ఏడుపు చూడలేక ఒక్క మాట ఇచ్చాడు. కాఫీ రుచి చూసి నాణ్యం చెప్పే ఫణీంద్రగారు వస్తున్నారు. ఇది గొప్ప రకమని ఆయన అంటే చెట్లు ఉంటాయి, లేకపోతే లేదు. పూత విచ్చినప్పుడు జడివాన పట్టడంతో ఆ ఏడు ఎర్రచిగురు గింజలు ఓ చిన్న మూటకే సరిపోయాయి. ఆ మూటే ఆయన కోసం దాచారు.

"ఆయన మన కాఫీ తాగి సెప్తాడమ్మా," అన్నాడు కొడుకు. చిలకమ్మకి అందులో 'తాగి' అన్న మాటే వినపడింది. అంటే చుట్టం కాఫీకి వస్తున్నాడు.

వాళ్ళు ఆవు పాలు పితకరు, అవి దూడవి. వాళ్ళు తాగేది నల్ల కాఫీయే. కానీ పట్నం మనిషి చేతిలో నల్లనీళ్ళు పెడతామా? ఆవిడ పొద్దున్నే కొండ దిగి, రోడ్డు మీది కొట్లో పాలు కొనుక్కొచ్చింది. కొడుకు ఆయన్ని పై గట్టుకి తీసుకెళ్ళిన సమయంలో మూట విప్పి, గింజలన్నీ పెనం మీద వేయించి, దంచి, పొడంతా గిన్నెలో పోసి కాచింది. పాలు పోసింది. పంచదార వేసింది. అది కూడా చాలదేమోనని యాలకులు కొట్టి వేసింది. కొత్త స్టీలు గ్లాసు తీసి, రెండు చేతులతో అందించింది.

ఫణీంద్ర ఓ గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. పాలున్నాయి, పంచదార ఉంది, యాలకులూ ఉన్నాయి. కాఫీ ఎక్కడుందో ఆయనకి అంతు చిక్కలేదు. గింజలు ఇంకేమైనా మిగిలాయా అని అడిగాడు.

"ఏటీ నేవు బాబూ. మీకోసరమే కదా, అన్నీ ఏసీసినాను," అంది చిలకమ్మ మురిసిపోతూ.

బొంజన్న నెత్తి కొట్టుకున్నాడు. "పాలెందుకు పోసినావే అమ్మా! ఇప్పుడాయన ఏటని సెప్తాడు?"

అప్పటికి గాని ఆవిడకి అర్థం కాలేదు. తన చెట్లని తనే కొట్టించుకుంది. లోపలికి వెళ్ళి పొయ్యి దగ్గర కూలబడింది. అరుగు మీద వింటున్న నాకు ఆ పాల మీదే కోపం వచ్చింది.

వెళ్ళొస్తానని చెప్పడానికి ఫణీంద్ర వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. చిలకమ్మ చేతిలో ఓ సొట్టగ్లాసు కనిపించింది.

"అదేమిటమ్మా?"

"ఏటీ నేదు బాబూ. నాను పాలు తాగను కదా. అవి పొయ్యకముందు నా మటుకు కూసింత తీసుకున్నాను."

"ఇలా ఇవ్వండి."

ఆవిడ గ్లాసుని కొంగు చాటున దాచేసుకుంది. "వొద్దు బాబూ. ఎంగిలయిపోనాది."

ఆయన చెయ్యి చాపే ఉంచాడు. ఇంక చేసేది లేక ఇచ్చింది. చల్లారిపోయిన ఆ నల్ల కాఫీని ఆయన కాసేపు నోట్లో ఉంచుకుని మింగాడు. మిగిలిందీ తాగేశాడు. అప్పుడు బయటికి వచ్చి, "ఆ చెట్ల జోలికి పోకండి బొంజన్నా. ఇలాంటిది నేనెక్కడా తాగలేదు," అన్నాడు.

శాస్త్రిగారు అక్కడితో ఆపేశారు. జోగారావు కాస్త తడబడి, "అయితే పాలు పొయ్యడం తప్పంటారా?" అని అడిగాడు.

"తప్పెందుకవుతుంది? అంత కొండా దిగి తెచ్చిందయ్యా పాపం."

జోగారావు మాకు వినపడకూడదన్నట్టు మెల్లిగా, "కానీ అది ఎంగిలి కదండీ," అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఆ మాట ఆవిడ అంది నాయనా," అన్నారు శాస్త్రిగారు. "తాగినాయన అనలేదు."