మంచం మోసే అన్నదమ్ములు

చాంద్‌బాషా తకియాలో చేరి నాలుగేళ్ళయింది.

గుండ్ల కనుమ కింద ఉండే ఆ ఫకీర్ల మఠంలో పన్నెండుమంది అన్నదమ్ములు. ఒక తల్లి బిడ్డలు కాదు. గురువు హాజీవలీ బాబా చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చినవాళ్ళు. కనుమకు ఇవతల ఆసుపత్రి లేదు. చుట్టుపక్కల ఎవరికి ప్రాణం మీదికొచ్చినా, నులకమంచం మీద కనుమ దాటించి పట్నం చేర్చడం వాళ్ళ పని. ఏ ఊరు, ఏ మతమని అడిగేవాళ్ళు కారు.

చాంద్‌బాషా దగ్గర బాబా ఇంకా మాట తీసుకోలేదు. వెనక వచ్చిన ఇద్దరి దగ్గర తీసుకున్నాడు. ఒక పొద్దున చాంద్‌బాషా ఉండబట్టలేక అడిగేశాడు.

"నాలో ఏం తక్కువ బాబా? అందరికంటే ఎక్కువ దూరం మోస్తాను. అందరూ తిన్నాక తింటాను. పోయినేడు జ్వరమొచ్చి పడుకున్నా ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇమాంసాబన్న రెండు మలుపులు తిరక్కుండానే భుజం దించుకుంటాడు. ఆయన పెద్దన్న, నేను బయటివాణ్ణా?"

"జ్వరం సంగతి తెలుసు," అన్నాడు బాబా. "నువ్వు చెప్పలేదు. ఇమాంసాబు చెప్పాడు."

అంతలో వాకిట్లో కేకలు. గొర్రెలు కాసే మద్దిలేటిని అడవిలో ఎలుగుబంటి చీరేసింది. తొడ కండ తెగి వేలాడుతోంది. భార్య సుంకమ్మ చీర చింపి కట్టు కట్టి, ఇద్దరు మనుషుల సాయంతో తీసుకొచ్చింది.

మంచం ఎత్తారు. నాలుగు మూలలా నలుగురు, మిగతావాళ్ళు పక్కన నడుస్తారు. అలిసినవాడు "భుజం" అంటే పక్కవాడు దూరి ఆ మూల అందుకుంటాడు. అదీ రివాజు. ముందువైపు ఎడమ మూల చాంద్‌బాషా పట్టాడు.

బాబా కూడా వెనకే నడిచాడు. ఎక్కుడు మొదలైంది. మూడు మలుపులయ్యేసరికి మిగతా మూలల్లో మనుషులు రెండేసిసార్లు మారారు. చాంద్‌బాషా మారలేదు.

"ఇటివ్వరా తమ్ముడూ," అన్నాడు ఇమాంసాబు.

"పర్లేదన్నా."

నాలుగో మలుపులో ఇంకొకరు అడిగారు. చాంద్‌బాషా తల అడ్డంగా ఊపాడు.

ఐదో మలుపులో మోకాలు మడతపడింది. మంచం మూల రాతికి కొట్టుకుంది. జారిపోబోయిన మద్దిలేటిని సుంకమ్మ రెండు చేతులా అదిమి పట్టుకుంది. అతని అరుపు లోయంతా వినబడింది. కట్టు ఊడి నెత్తురు నులక తడిపింది.

మంచం దించగానే ఆమె పళ్ళు బిగించి మళ్ళీ కట్టు కట్టింది. కట్టాక చాంద్‌బాషా వైపు చూసింది.

"ఇంతమంది పక్కనే నడుస్తాండారు గదా నాయనా. ఒక్క మాట పిలిస్తే ఏం బోయింది?"

చాంద్‌బాషాకు తల ఎత్త బుద్ధి కాలేదు.

బాబాకు డెబ్బై దాటాయి. మంచం కింద భుజం పెట్టి ఏళ్ళయింది. ఆయన గడ్డం పక్కకు తోసుకుని వచ్చి ఆ ఎడమ మూల కింద దూరాడు. వద్దనేలోపే మంచం లేచింది. ఇరవై అడుగులు వేశాడు.

"భుజం!" అన్నాడు, అందరికీ వినబడేలా. "నా వల్ల కావడం లేదు చాంద్‌బాషా. రా."

చాంద్‌బాషా పరుగున వచ్చి అందుకున్నాడు. "మేమింతమందిమి ఉండగా మీరెందుకు ఎత్తారు బాబా?"

బాబా ఒక బండ మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు.

"భుజం పెట్టడానికి ముక్కూమొహం తెలియనివాడైనా చాలు. అడగడానికే అన్నదమ్ముడు కావాలి."

మంచం ఆగలేదు. బాబా వెనకబడిపోయాడు.

కనుమ నెత్తికి ఇంకా రెండు మలుపులు. చాంద్‌బాషా భుజం తోలు అప్పటికే లేచిపోయింది. మద్దిలేటి మూలుగు చెవి పక్కనే వినబడుతోంది. పిలవబోయి నోరు మూసుకున్నాడు. ఇంకో పది అడుగులు వేశాడు. కాలు మళ్ళీ తడబడింది.

"భుజం," అన్నాడు. అది అతనికే సరిగ్గా వినబడలేదు.

కానీ ఇమాంసాబు అప్పటికే మంచం కింద దూరుతున్నాడు. కుదుపు తగలకుండా ఇద్దరూ నాలుగడుగులు భుజం భుజం ఆనించి నడిచారు. తర్వాత చాంద్‌బాషా పక్కకు తప్పుకున్నాడు.

"ఈసారి గట్టిగా పిలువురా," అన్నాడు ఇమాంసాబు ముందుకు చూస్తూనే. "నాకు కాస్త చెవుడు."

పొద్దు వాలకముందే పట్నం ఆసుపత్రి చేరారు. మద్దిలేటికి కాలు దక్కింది.

పట్నం చేరేదాకా ఆ దిగుడు దారిలో చాంద్‌బాషా ఎన్నిసార్లు పిలిచాడో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.