కూత నేర్పిన అలుగు

అనగనగా, రెండు కొండల నడుమ చింతలోయ అనే ఒక అడవి ఉండేదర్రా. ఆ అడవిలోని జంతువులకు కబడ్డీ అంటే ప్రాణం.

ఏటా చలికాలం చివర, ఏటి ఇసుకలో చింతలోయ జట్టుకీ పెద్దకోన అడవి జట్టుకీ పోటీ జరిగేది. గెలిచిన అడవివాళ్ళు వేసవిలో కొండమడుగు దగ్గర ముందుగా నీళ్ళు తాగాలి. ఓడినవాళ్ళు తరవాత మిగిలిన బురదనీళ్ళు తాగాలి. ఆటల నెలలో ఎవరూ ఎవరినీ వేటాడకూడదు. అది అడవుల కట్టుబాటు.

చింతలోయ జట్టు వరసగా మూడేళ్ళు ఓడింది. పట్టు పట్టడంలో వాళ్ళకు లోటు లేదు. కూతకు వెళ్ళినవాళ్ళే తిరిగి రాలేకపోయేవారు. జట్టు నాయకురాలు తిలక అనే దుప్పి. గడిచిన వేసవిలో బురదనీళ్ళు తాగి దాని చెల్లెలి పిల్ల జబ్బుపడింది. ఈసారి ఎలాగైనా గెలవాలని తిలక పట్టుపట్టింది.

అప్పుడొక కబురు వచ్చింది. ఏటి అవతలి వెదురువనం జట్టుకు కూత నేర్పిన పొలుసయ్య అనే, ఒంటినిండా పొలుసులున్న ముసలి అలుగు ఖాళీగా ఉన్నాడట. అతను ఉన్నప్పుడు వెదురువనం తన పోటీల్లో రెండుసార్లు గెలిచింది. మూడో ఏడు చిత్తుగా ఓడింది. దాంతో అతన్ని పంపించేశారు.

ఇంకేముంది, చింతలోయలో ఆట చూసేవాళ్ళంతా రెండు ముక్కలయ్యారు. గవరయ్య అనే కొండముచ్చు బండ ఎక్కి, ఆ గెలుపులన్నీ వెదురువనం జట్టులోని చిరుతపులివేనని, చిరుత జట్టులో ఉంటే రాయి నేర్పినా గెలుస్తారని వాదించాడు. పలుకులమ్మ అనే గోరింక కొమ్మ మీదనుంచి, పొలుసయ్య అంతటి బుర్ర ఏడు అడవుల్లో లేదని, ఆ ఓటమి ఆటగాళ్ళ తప్పని వాదించింది. మూడు రోజులు అదే గోల. ఉడతలు గింజలు ఏరుకోవడం మానేశాయి. ఒకే గూటి పిచ్చుకలు మాటలు మానుకున్నాయి.

ఇద్దరూ తిలకను తమ వైపు లాగారు. తిలక ఇద్దరి మాటా విన్నది. తరవాత ఒకటే ప్రశ్న అడిగింది.

"మీలో ఎవరైనా ఆయన దగ్గర ఆడారా?"

ఎవరూ ఆడలేదు. మర్నాడు పొద్దున్నే తిలక ఒక్కతే ఏరు దాటింది.

మొదట చిరుత దగ్గరికి వెళ్ళింది. చిరుత ఎండలో పడుకుని ఉన్నాడు. కట్టుబాటు ఉన్నా తిలక దూరంగానే నిలబడి, వెదురువనం గెలుపులు ఎవరివని అడిగింది.

"అమ్మాయీ, నా కాళ్ళు పుట్టుకతో వచ్చినవే" అన్నాడు చిరుత. "కానీ పొలుసయ్య రాకముందు రెండు కూతలకు ఒకసారి దొరికిపోయేవాణ్ణి. ఎదుటివాడి బరువు ఏ కాలి మీద ఉందో చూడడం ఆయనే నేర్పాడు."

తరవాత ఆ జట్టులోనే ఆడిన ముళ్ళపంది దగ్గరికి వెళ్ళింది. దానికి పొలుసయ్య అంటే పెద్దగా గిట్టదు. పొలుసయ్య మంచి ఎత్తులే వేస్తాడని ఒప్పుకుంది. అయితే ఆట మొదలయ్యాక ఇసుకలో గీతలు గీసుకుంటూ తల దించుకుని ఉండిపోతాడట. ఎదుటివాళ్ళు మారినా తన ఎత్తు మార్చడట. ఆఖరి ఏడాది ఓడింది అందుకేనట.

చివరికి తిలక పొలుసయ్య దగ్గరికే వెళ్ళింది. అతను చెదపుట్ట తవ్వుకుంటున్నాడు. తిలక తాను విన్నదంతా దాచకుండా చెప్పింది. పొలుసయ్య గోళ్ళకంటిన మట్టి తుడుచుకున్నాడు.

"ముళ్ళపంది చెప్పింది నిజమే తల్లీ. నన్ను ఎవరూ ఆపలేదు. ఆపినా విననని అనుకున్నారేమో."

"నేను ఆపితే వింటారా తాతా?"

"వింటాను."

తిలక అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది. నెల రోజులు పొలుసయ్య జట్టు చేత చెమటలు కక్కించాడు. కుందేలు ఊపిరి పెంచుకుంది. ముంగిస మెలిక తిరగడం నేర్చుకున్నాడు. అందరూ ఎదుటివాడి కళ్ళు వదిలి కాళ్ళు చూడడం అలవాటు చేసుకున్నారు.

పోటీ రోజు వచ్చింది. ఏటి గట్లు రెండూ నిండిపోయాయి. పొలుసయ్య వేసిన ఎత్తు ఒకటే. పెద్దకోన జట్టులో ఎడమ మూలన ఎలుగుబంటి ఉంటాడు, అతను మెల్లగా కదులుతాడు, కనుక కూత ఎడమకే వెళ్ళాలి.

కుందేలు వెళ్ళింది, దొరికిపోయింది. ముంగిస వెళ్ళాడు, దొరికిపోయాడు. మళ్ళీ కుందేలు వెళ్ళింది, మళ్ళీ దొరికింది. సగం ఆట అయ్యేసరికి పెద్దకోన అయిదు పాయింట్లు ముందుంది.

గవరయ్య బండ మీద లేచి, అలుగును ఇప్పుడే పంపేయమని అరిచాడు. సగం గట్టు అతనితో గొంతు కలిపింది. పలుకులమ్మ రెక్కలో తల దాచుకుంది. జట్టువాళ్ళు తిలక ముఖం చూశారు.

తిలక గట్టు వైపు చూడలేదు. నేరుగా పొలుసయ్య దగ్గరికి వెళ్ళింది. అతను వంగి ఇసుకలో ఎడమకే మరో గీత గీస్తున్నాడు. తిలక ఆ గీత మీద గిట్ట పెట్టింది.

"తాతా, ఆపుతున్నాను. ఒక్కసారి అటు చూడండి."

పొలుసయ్యకు ముందు కోపం వచ్చింది. తరవాత ఇచ్చిన మాట గుర్తొచ్చింది. తల ఎత్తి చూశాడు. ఎలుగుబంటి కుడి మూలకు మారిపోయాడు. ఎడమ మూలన అడవిపందులు ముగ్గురు కాచుకుని ఉన్నారు.

"అయ్యో, గుడ్డిగా పంపానమ్మా" అన్నాడు పొలుసయ్య. "ఇక ఎడమకు వెళ్తున్నట్టే వెళ్ళండి. పందుల బరువు ముందు కాళ్ళ మీదికి రాగానే కుడికి తిరగండి."

ఆట తిరిగిపోయింది. కుందేలు ఒకరిని తాకి వచ్చింది. ముంగిస ఇద్దరిని తాకి వచ్చాడు. పెద్దకోనకూ పాయింట్లు వచ్చాయి గాని, మధ్య తేడా రెండుకు తగ్గింది. ఒక్క కూత మిగిలింది. ముగ్గురిని తాకి వస్తేనే గెలుపు.

తిలక తానే వెళ్ళింది. కబడ్డీ, కబడ్డీ అంటూ ఎడమకు ఉరికింది. పందులు ముందుకు దూకారు. తిలక గిర్రున కుడికి తిరిగి ఎలుగుబంటి భుజం తాకింది. పక్కనున్న తోడేలు తోక తాకింది. వెనక్కి మళ్ళేలోపు పెద్దపంది దాని వెనక కాలు పట్టేసింది. పట్టినవాణ్ణీ తాకినట్టే లెక్క, కానీ గీత చేరాలి. గీత ఇంకా జానెడు దూరం. ఊపిరి అయిపోతోంది. తిలక ఇసుకలో బోర్లా పడి, మెడ చాచి, పందిని ఈడ్చుకుంటూ పాకింది. మూతి గీతకు ఆనింది. కూత ఆగలేదు.

ఏరు ఏరంతా దద్దరిల్లింది. అడవిదున్న పొలుసయ్యను వీపు మీద ఎక్కించుకుని గట్టు పొడుగునా ఊరేగించింది. గవరయ్య బండ దిగి వచ్చి, ఏమీ తెలియకుండా మాట్లాడానని అతనితో చెప్పాడు. పలుకులమ్మ వచ్చి, తనకూ తెలియదని ఒప్పుకుంది. పొలుసయ్య నవ్వి, తన గురించి తనకూ ఈ నెలలోనే కొంత తెలిసిందన్నాడు.

ఆ వేసవిలో చింతలోయ పిల్లలు కొండమడుగులో అడుగున గులకరాళ్ళు కనిపించే నీళ్ళు కడుపునిండా తాగారు.

నీతి: ఒకరి సత్తా తెలియాలంటే గట్టు మీది కేకలు కాదు, వాళ్ళతో కలిసి పనిచేసినవాళ్ళ మాట వినాలి, వాళ్ళ బలాన్ని వాడుకుంటూ, లోపం దగ్గర తోడు నిలవాలి.