కార్తెకో గూడు

వాగు ఒడ్డున బోడిగుట్ట మీద చిన్న జీవాలన్నీ గింజలు దాచుకునేవి. కాపలా ఉడుత సూరమ్మది. రాతి సందుల్లో ఇరవై ఏడు గూళ్లు, కార్తెకు ఒకటి. ఏ కార్తెలో ఏరిన గింజ ఆ కార్తె గూట్లోకే పోవాలి. ఏనుగు వచ్చి బతిమాలినా సూరమ్మ ఆ కట్టు తప్పదు.

నక్క గవరయ్యకు అదంతా చాదస్తంగా తోచేది. వాడి కన్ను గింజల మీద కాదు. గూళ్ల పక్క పొదలో కౌజుపిట్ట పిల్లలు నాలుగున్నాయి. తల్లి నీళ్లకు పోతే వాటికి సూరమ్మే దిక్కు.

'లక్ష గింజల్లో పిడికెడు వెతకమంటే పొద్దు వాలేదాకా తల ఎత్తదు. ఈలోగా నా పని అయిపోతుంది' అనుకున్నాడు.

తల్లిపిట్ట అటు ఎగరగానే ఇటు వచ్చాడు.

"సూరమ్మక్కా, నేను దాచిన రేగు గింజలు కావాలి."

"నీకు రేగు గింజలేమిటి తమ్ముడూ?"

"కడుపునొప్పి. నూరి తాగమని ఎలుగుమామ చెప్పాడు."

"సరే, ఏ కార్తెలో దాచావు?"

ఆ ప్రశ్న వస్తుందని గవరయ్య అనుకోలేదు. "ఆ... శ్రవణం" అని నోటికొచ్చింది అనేశాడు.

సూరమ్మ వెళ్లింది. గవరయ్య పొదలో మూతి పెట్టాడు. పిల్లలు కీచుమన్నాయి. ఇంకా నోరైనా తెరవలేదు, వెనక నుంచి గొంతు వినిపించింది.

"శ్రవణం గూట్లో కందిగింజలే ఉన్నాయి. రేగు గింజ ఒక్కటీ లేదు."

"అప్పుడే వచ్చేశావా! మిగతా ఇరవై ఆరు గూళ్లూ చూడవా?"

"శ్రవణం అన్నది నువ్వేగా! మిగతావి ఎందుకు కదపాలి? అది సరే, కడుపునొప్పికి మందు ఆ పొదలో ఉందా?"

ఇక మాటలతో లాభం లేదని గవరయ్య పిల్లల మీదికి దూకబోయాడు. సూరమ్మ బెదరలేదు. పైనున్న ధనిష్ఠ గూట్లో నిరుటి కుంకుడు గింజలు పుచ్చిపోయి ఉన్నాయి. ఆ గూటికి అడ్డం పెట్టిన రాయిని ఒక్క గుంజు గుంజింది. గూడు గూడంతా ఒక్కసారిగా జలజలా వాలు మీదికి జారింది. పక్క గూళ్లలో ఒక్క గింజ కదల్లేదు. కదిలింది గవరయ్య కాళ్లే! దొర్లుకుంటూ పోయి కింద బ్రహ్మజెముడు డొంకలో పడ్డాడు.

తల్లిపిట్ట ఆదరాబాదరాగా వచ్చింది. "ఏమిటొదినా ఆ చప్పుడు?"

"పాత గింజలు పారబోశాను. గవరయ్య తమ్ముడు సాయం పట్టాడు."

డొంకలో ముళ్లు పీక్కుంటూ గవరయ్య మనసులోనే దణ్ణం పెట్టాడు. 'లక్ష గింజల్లో వెతకమంటే, లక్షా ముట్టుకోకుండానే వెతికింది! తాడిని తన్నేవాడి తల తన్నడమంటే ఇదే.'

ఎక్కడిదక్కడ పెట్టే కష్టానికి రోజూ ఓర్చినవారికి ఆపద వచ్చిననాడు తడబాటు ఉండదు.