నాలుగో మెట్టు

సన్యాసినాయుడు మాస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే, ముందు వాళ్ళ చేతికి ఒక పని వచ్చేది. జవాబు ఆ పని అయ్యాక వచ్చేది. కొన్నిసార్లు అదీ వచ్చేది కాదు. విజయనగరానికి దగ్గరలో ఉన్న ఆ ఊళ్ళో ఆయన వద్ద బరువులెత్తడం నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి అనుభవమే. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరై పదహారేళ్ళు గడిచినా, ఏదో ఒక సందేహం పట్టుకుని ఆయన ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారు.

ఆ ఆదివారం ఉదయం వచ్చినది పైడిరత్నం. ఒకప్పుడు ఆయన శిష్యురాలు. రాష్ట్రస్థాయి దాకా ఎత్తి, తరువాత కోచ్ శిక్షణ తీసుకుని, ఇప్పుడు పంచాయతీ ఆఫీసు వెనక రేకుల షెడ్డులో పదకొండు మంది ఆడపిల్లలకు నేర్పుతోంది. వాళ్ళలో నీలవేణి అనే పిల్ల మీద ఆమెకు ఆశలన్నీ ఉన్నాయి. పదిహేడేళ్ళది. తండ్రి జూట్ మిల్లులో పని పోయి ఖాళీగా ఉన్నాడు. పిల్ల మాత్రం తెల్లారి అయిదింటికల్లా షెడ్డు తాళం దగ్గర నిలబడి ఉంటుంది. జాతీయ శిబిరానికి ఎంపికలు ఇక తొమ్మిది రోజుల్లో ఉన్నాయి. నీలవేణి తొంభై రెండు కిలోలు ఎత్తుతోంది. కిందటేడు ఎంపికైన పిల్ల ఎత్తింది తొంభై ఏడు.

మాస్టారు ముందుగదిలో బల్ల ముందు కూర్చుని ఉన్నారు. బల్ల మీద పాత కంప్యూటర్ పెట్టె ఒక పక్క రేకు ఊడదీసి, లోపలి తీగలు కనిపించేలా తెరిచి ఉంది.

పైడిరత్నం చెప్పులు విప్పి లోపలికొచ్చి, కూర్చోకుండానే అడిగింది. "గురువుగారూ, ఒక మనిషి ఎంత మోయగలదో ఎలా తెలుస్తాది? ఇంకో అయిదు కిలోలు వేస్తే ఆ పిల్ల ఎత్తుతాదని నా మనసు చెప్తోంది. వెయ్యనా?"

మాస్టారు ఆమె వంక చూసి, ఒక పెన్నూ నోటుపుస్తకమూ చేతికిచ్చారు. "కూర్చో. నేను చెప్పిన అంకెలు రాయి," అన్నారు.

ఆ కంప్యూటర్ ఊళ్ళోవాళ్ళందరికీ తెలిసినదే. పద్నాలుగేళ్ళ కిందటిది. పిల్లలు ఎత్తుతున్నప్పుడు తీసిన వీడియోలను మాస్టారు దానిలో వేసుకుని, నెమ్మదిగా నడిపిస్తూ, మోకాలు ఎక్కడ వంగిందో, మోచెయ్యి ఎక్కడ తేలిపోయిందో చూసేవారు. ఇప్పటి ఫోన్లతో తీసే వీడియోలను ఆ ముసలి మెషిన్ మోయలేకపోతోంది. బొమ్మ కదిలి, ఆగి, ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. రాడ్ మోకాలి దగ్గర కనిపిస్తుంది, మళ్ళీ కనిపించేసరికి భుజాల మీద ఉంటుంది. నడుమ జరిగినది తెరమీదికి రాదు.

దాన్ని ఆయనకు ఇచ్చినవాడు చిన్నంనాయుడు. అతనూ ఒకప్పటి శిష్యుడే. పాతికేళ్ళ కిందట ఒక పోటీలో వెన్ను దెబ్బతిని, అప్పటి నుంచి ఒక ఎత్తు కుర్చీలో కూర్చుని కంప్యూటర్లు బాగుచేస్తూ బతుకుతున్నాడు. ఆ పోటీలో చివరిసారి రాడ్‌కి ప్లేట్లు ఎక్కువ వెయ్యమన్నది ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ మాట మాస్టారి ఎదుట ఎవరూ ఎత్తరు. మాస్టారు నెలకోసారి బస్సెక్కి వెళ్ళి అతన్ని చూసి వస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు అతను కొన్ని సూచనలు కాగితం మీద రాసిచ్చి, ఒక చిన్న పొట్లం చేతిలో పెట్టాడు.

"తయారుచేసినవాడు పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో దీన్ని నడిపించొచ్చట," అన్నారు మాస్టారు. "ఈ విద్యలో నేను ఒకటో తరగతి. తప్పు చేస్తే చెప్పు."

పైడిరత్నానికి మనసులో విసుగ్గా ఉంది. తొమ్మిది రోజులే ఉన్నాయి, ఈయన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. అయినా గురువు మాట కాదనలేక కుర్చీ దగ్గరికి లాక్కుంది. షెడ్డులో ఒక పిల్ల ఫోన్‌తో తీసిన నీలవేణి వీడియో, తను ఇంకా చూడనిది, వెంట తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఉంటే దాన్నే పెట్టించారు మాస్టారు. అది ఎప్పటిలాగే ఆగుతూ దూకుతూ నడిచింది. తెర మూలన మెషిన్ వేడి ఎంతో చూపించే అంకె ఒకటి ఉంది. "అరవై ఆరు," అన్నారు మాస్టారు. ఆమె రాసింది.

ఆయన మెషిన్ ఆపి, మళ్ళీ వేసి, అది లేస్తుండగా ఒక మీట నొక్కారు. మెషిన్ వేగం మార్చుకునే నీలం తెర వచ్చింది. కాగితం ముక్కుకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కొక్క వరుసా వేలితో వెతుక్కుంటూ వేగం ఒక మెట్టు పెంచారు. మెషిన్ లేచింది. వీడియో కొంచెం నయం. వేడి డెబ్బై. రెండో మెట్టు వేశారు. మరికొంచెం నయం. డెబ్బై ఆరు. మూడో మెట్టుకి, ఎన్నడూ లేనిది, బొమ్మ దాదాపు ఆగకుండా సాగింది. లోపలి ఫ్యాన్ చప్పుడు పెరిగింది గాని, మెషిన్ బాగానే ఉన్నట్టుంది. ఎనభై మూడు.

పైడిరత్నానికి విసుగు పోయింది. ముందుకు వంగి చూస్తోంది. ఇంకొక్క రెండుచోట్ల బొమ్మ తడబడుతోంది, అంతే. అది కూడా పోతే ఎంత బాగుంటుంది.

"ఇంకొక్క మెట్టు వెయ్యండి గురువుగారూ. అదేం ఇబ్బంది పడటం లేదు కదా," అంది.

మాస్టారు ఆమెను ఒక క్షణం చూసి, నాలుగో మెట్టు వేశారు.

మెషిన్ లేచింది. వీడియో మొదలైంది. నీలవేణి చేతులకు సుద్దపొడి రాసుకుని రాడ్ దగ్గరికి వచ్చింది. వేడి ఎనభై ఎనిమిది అయింది, తొంభై ఒకటి అయింది. పైడిరత్నం రాయడం మానేసి తెరే చూస్తోంది. పిల్ల వంగి రాడ్ పట్టుకుంది. బొమ్మ అక్కడ బిగుసుకుపోయింది. తెర నల్లబడింది. ఫ్యాన్ చప్పుడు తగ్గి, తగ్గి, ఆగింది. గదిలో కాలిన ప్లాస్టిక్ వాసన సన్నగా వచ్చింది.

మాస్టారు మీట నొక్కారు. మెషిన్ పలకలేదు. మళ్ళీ నొక్కారు.

ఈ ఊళ్ళో ముప్పై మంది పిల్లలు ఎత్తిన వీడియోలన్నీ దానిలోనే ఉన్నాయి. "నేనే కదా గురువుగారూ వెయ్యమన్నాను," అంది పైడిరత్నం.

"వేసింది నేను," అన్నారు మాస్టారు.

ఏం చెయ్యాలో అందులో ఉందేమో చూద్దామని ఆమె బల్ల మీది కాగితం తీసుకుంది. చిన్నంనాయుడి గుండ్రటి అక్షరాలు. అన్నిటికన్నా పైన ఇలా ఉంది: 'ముందు ఫ్యాన్ విప్పి దుమ్ము తుడవండి. దాని కింద వేడిని లాగే పేస్టు ఎండిపోయి ఉంటుంది, అది గోకేసి పొట్లంలో ఉన్న కొత్తది రాయండి. పొట్లంలో ఉన్న ర్యామ్ వెయ్యండి. ఇవన్నీ చేశాక కూడా చాలకపోతేనే వేగం జోలికి వెళ్ళండి.'

"ఇది మొదటే ఉంది కదా," అందామె.

"ఉంది. నాకు వేగం అన్న ముక్కే కనిపించింది," అన్నారాయన. ఆ మాట నిజమో, కావాలని చేసిన పనో పైడిరత్నానికి ఆనాడూ తెలియలేదు, తరువాతా తెలియలేదు.

ప్లగ్గు తీసేశారు. కాగితంలో చివర రాసి ఉన్న ప్రకారం లోపలి పలక మీద రూపాయి బిళ్ళంత ఉన్న బ్యాటరీని మాస్టారు గోటితో లేపి తీసి, కొంతసేపు పక్కన పెట్టారు. దాన్ని తీస్తే మెషిన్ మనం పెట్టిన వేగం మరిచిపోయి, తన వేగానికి తాను వస్తుందట. ఈలోగా ఇద్దరూ ఫ్యాన్ విప్పారు. రెక్కల కింద దుమ్ము పాత పరుపులో దూదిలా అట్టకట్టి ఉంది. ఇన్నేళ్ళుగా ఆ పెట్టెకు గాలి ఆడటం లేదన్నమాట. పైడిరత్నం పెయింటు బ్రష్షుతో ఆ దుమ్మంతా దులిపింది. ఎండి పెచ్చులు కట్టిన పేస్టును మాస్టారు గుడ్డతో తుడిచి, కొత్తది బియ్యపు గింజంత పెట్టారు. పొట్లంలో ఉన్న ర్యామ్ పలకను దాని గాడిలో నొక్కితే టిక్కుమని కూర్చుంది. ఒకేసారి ఎక్కువ పని పట్టుకోవడానికి అది మెషిన్‌కి చోటిస్తుందని కాగితంలో ఉంది. బ్యాటరీ మళ్ళీ పెట్టి మీట నొక్కారు.

మెషిన్ లేచింది, తన పాత వేగంతోనే. వేడి యాభై రెండు. వీడియో వేశారు. ఎక్కడా ఆగలేదు.

నీలవేణి వంగి రాడ్ పట్టుకుంది. తొంభై రెండు కిలోలు మోకాళ్ళు దాటి భుజాల మీదికి వచ్చాయి. అక్కడి నుంచి పైకి తోసే ముందు, ఇందాక బొమ్మ తడబడిన చోట, పిల్ల నడుం ఎడమకి ఒరిగింది. ముఖం ఒక్కసారి ముడుచుకుపోయింది. తరువాత రాడ్ పైకి వెళ్ళింది, చేతులు నిలిచాయి, రాడ్ కింద పడింది. పిల్ల నవ్వింది. నవ్వుతూనే కుడిచేతిని వీపు వెనక్కి పెట్టి, నడుం మీద అదిమి పట్టుకుంది. ఆ పక్కనే పైడిరత్నం ఉంది. వీపు పిల్ల వైపు తిప్పి, తరువాత వెయ్యబోయే ప్లేటును రెండు చేతులతో తీస్తోంది.

పైడిరత్నం ఆ భాగాన్ని మళ్ళీ వెయ్యమంది. మాస్టారు వేశారు. మూడోసారి ఆమె అడగలేదు.

ఫోన్ తీసి, వాకిట్లోకి కూడా వెళ్ళకుండా అక్కడే నిలబడి నీలవేణికి చేసింది. "నడుం నొప్పి ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు వారాలండి. కొంచమే మేడం. ఎంపికలయ్యాక చెప్దామనుకున్నాను."

"రేపు షెడ్డుకి రావద్దు. మీ అమ్మని తీసుకుని బస్టాండుకి రా. డాక్టర్ దగ్గరికి వెళ్దాం."

"ఎంపికలు మేడం?"

"రేపు మాట్లాడుకుందాం," అని పైడిరత్నం ఫోన్ పెట్టేసింది.

మర్నాడు తీసిన ఎక్స్‌రేలో వెన్నుపూసలో వెంట్రుకంత చీలిక కనిపించింది. ఇంకొంచెం బరువు పడి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోతే పైడిరత్నం వద్దంది. ఆ ఏడు నీలవేణి ఎంపికలకు వెళ్ళలేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. రెండు వారాలు పైడిరత్నంతో మాట్లాడలేదు. మరుసటి వేసవికి గాని రాడ్ పట్టలేదు. పట్టినప్పుడు కూడా ప్లేట్లు లేని ఉత్త రాడ్డే. దాన్ని ఎత్తి దింపగానే పైడిరత్నం ఆమె ముఖం చూసేది, తరువాతే ప్లేట్ల వైపు చూసేది.

ఇవన్నీ పిదప జరిగినవి. ఆ ఆదివారం ఫోన్ పెట్టేశాక, పైడిరత్నం మళ్ళీ కుర్చీలో కూర్చుంది. మాస్టారు పెట్టె పక్క రేకు బిగిస్తున్నారు.

"మూడు వారాలు ఆ నొప్పితోనే ఎత్తింది గురువుగారూ," అంది. "నేను వెయ్యమన్నప్పుడల్లా ఎత్తింది. ఒక్కసారైనా ఎందుకు ఆగలేదు?"

మాస్టారు ఆఖరి మర బిగించి, స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టారు. ఫ్యాన్ దుమ్మూ పాత పేస్టూ అంటి ఆయన వేళ్ళు నల్లగా ఉన్నాయి.

"మోయలేనప్పుడు ఈ పెట్టె ఆగిపోయింది తల్లీ," అన్నారు. "దీనికి మన మీద అభిమానం లేదు కదా."