గాయాల శాసనం

నీలవేణి అనే ఏటి ఒడ్డున ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దాని పేరు కుందవరం. దాన్ని మార్తాండభూపతి ఏలేవాడు. మనసు చెడ్డది కాదు గాని, తాను చేసిన ప్రతి పనీ లోకంలో ఇంతకుముందు ఎవరూ చేయలేదని ఆయనకి గట్టి నమ్మకం. తుమ్మినా పక్కవాళ్ళు మెచ్చుకోవాలి.

ఆయన కొలువులో కొండుభట్టు అనే చమత్కారి ఒకడున్నాడు. మంత్రీ కాడు, కవీ కాడు. రాజుగారికి ఎవరూ చెప్పలేని మాటలు నవ్వుతూ చెప్పడమే అతని ఉద్యోగం.

ఒకసారి కోటబురుజు కడుతుండగా పరంజా విరిగి ఒక తాపీపనివాడు కిందపడ్డాడు. నడుము విరిగి మంచాన పడ్డాడు. పని చేయించిన గుత్తేదారు అటువైపు తొంగి కూడా చూడలేదు. పరంజాకి పుచ్చిపోయిన కర్రలు కట్టించింది అతనే. కొండుభట్టు ఆ పనివాణ్ణి మంచంతో సహా కొలువుకి మోయించుకొచ్చాడు.

"మహారాజా, తమరి బురుజు పైకి లేచింది. దాన్ని లేపినవాడు ఇక లేవలేడు. ఏ రాజూ చేయని శాసనం ఒకటి తమరు చేస్తే బాగుంటుంది" అన్నాడు.

'ఏ రాజూ చేయని' అన్న మాట మార్తాండభూపతికి బాగా నచ్చింది. అక్కడికక్కడే శాసనం చెప్పాడు. కొండుభట్టే రాశాడు. ఒకరి చేతివల్ల మరొకరికి గాయమైతే, ఆ చేయి గలవాడు పరిహారం ఇచ్చుకోవాలి. గాయపడ్డవాడు 'మన్నించాను, నాకేమీ వద్దు' అన్నా ఆ మాట చెల్లదు. ఎందుకంటే బలవంతులు బీదవాళ్ళ చేత బెదిరించి ఆ మాట అనిపిస్తారు. దీన్ని రాతిమీద చెక్కించి కొలువు గుమ్మం ముందు నిలబెట్టారు. తాపీపనివాడి ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలిగింది. ఆవేళ కొండుభట్టు పొంగిపోయాడు.

మొదట్లో అంతా బాగానే ఉంది. తర్వాత జనానికి రుచి తెలిసింది.

పెళ్ళి పందిట్లో అరటితొక్క మీద కాలు జారినవాడు ఆడపెళ్ళివారి మీద ఫిర్యాదు చేశాడు. తోలుబొమ్మలాట చూసి విరగబడి నవ్వినందుకు పక్కలు పట్టేశాయని ఒకామె బొమ్మలాటవాళ్ళని కొలువుకి లాగింది. న్యాయాధికారి ముందు ఎలా కుంటాలో, ఏ మాట దగ్గర మూలగాలో నేర్పేవాళ్ళు బజారులో అరుగులు అద్దెకు తీసుకున్నారు. మంగలి గడ్డం గీయడానికి భయపడ్డాడు. పొరుగింటివాళ్ళు కత్తిపీట ఎరువివ్వడం మానేశారు. ఇవన్నీ కొలువులో చెప్పుకుని నవ్వుకునేవారు. కొండుభట్టూ నవ్వాడు.

ఇలా ఉండగా వానాకాలం వచ్చింది. గురవశెట్టి అనే వర్తకుడు పడవ దిగబోతూ ఏట్లో పడ్డాడు. పడవ నడిపే పోలయ్య వెంటనే దూకి, అతని చేయి దొరకబుచ్చుకుని గట్టుకి లాగాడు. ప్రాణం దక్కింది గాని, లాగిన లాగుడుకి భుజం కీలు తప్పింది. గురవశెట్టి మొదట పోలయ్యకి దండం పెట్టాడు. నాలుగు రోజులు పోయాక, మూలుగు నేర్పేవాడొకడు అతని ఇంటికి వెళ్ళాడు. ఆపైన ఫిర్యాదు వచ్చింది.

న్యాయాధికారి శాసనం చదివాడు. చేయి పోలయ్యది. గాయం శెట్టిది. పోలయ్య దగ్గర ఇవ్వడానికి పడవ తప్ప ఇంకేమీ లేదు. పడవ పోయింది.

కొండుభట్టు ఆ తీర్పు విన్నాడు. ఇది తగదు అనుకున్నాడు. మంచి సమయం చూసి రాజుగారితో చెబుదామని ఊరుకున్నాడు.

ఆ మంచి సమయం రాకముందే మరొకటి జరిగింది. గాజులమ్మే నూకాలమ్మ బుట్ట కడుక్కోవడానికి రేవులోకి దిగి, కాలు జారి వడిలో పడింది. రేవునిండా జనం. ఈత వచ్చినవాళ్ళే. ఆమె చేతులెత్తి కేకలు పెడుతోంది. ఒడ్డున అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చూసుకుంటూ ఉండగానే కేకలు ఆగిపోయాయి.

కబురు విని కొండుభట్టు పరుగున వచ్చేసరికి ఆమెను ఇసుకలో పడుకోబెట్టారు. భర్త సత్తెయ్య పక్కన కూర్చుని, ఆమె చేతికి మిగిలిన గాజుల్ని సరిచేస్తున్నాడు. పోలయ్య దూరంగా నిలబడి ఉన్నాడు.

"నువ్విక్కడే ఉన్నావా పోలయ్యా?" అన్నాడు కొండుభట్టు.

"ఉన్నాను సామీ. నీళ్ళలో కాలు పెట్టాను. అంతలో న్యాయసభ కళ్ళముందు కనబడింది. పడవ పోయింది, ఈసారి పోవడానికి గుడిసె ఒక్కటే ఉంది, పెళ్ళాం ఏమైపోతుంది అనుకున్నాను. అనుకునేసరికే అయిపోయింది" అన్నాడు పోలయ్య.

కొండుభట్టు తన కుడిచేతివైపు చూసుకున్నాడు. శాసనం రాసిన చేయి తనదే.

మర్నాడు కొలువులో అతను నవ్వకుండా మాట్లాడాడు. "ప్రభూ, శాసనం సవరించండి. నిర్లక్ష్యంతో గాయం చేసినవాడూ, కాపాడబోయినవాడూ ఒకటి కారు. ఆ తేడా రాయని తప్పు నాది."

మార్తాండభూపతి కనుబొమలు ముడిచాడు. "నా శాసనంలో తప్పా? రాయి మీద చెక్కింది తుడిచేస్తే పొరుగు రాజులు నవ్వరూ? ఆ రేవులో జనం పిరికిపందలు. వాళ్ళ పిరికితనానికి నా శాసనం ఏం చేస్తుంది? ఇదిగో, నా పరివారం ఉంది. ఆపదలో ఉన్న మనిషిని ఆదుకోవడానికి వీళ్ళలో ఒక్కడు వెనకాడినట్టు చూపించు, సవరిస్తాను. చూపించలేకపోతే మళ్ళీ నా కొలువులో నీ మొహం కనబడకూడదు."

"చిత్తం" అన్నాడు కొండుభట్టు.

కొద్ది రోజులకి ఏటిపూజ వచ్చింది. ఏటా రాజుగారే స్వయంగా నీటికి పసుపుకుంకుమలు సమర్పించాలి. భేరీలు, ఛత్రాలు, పట్టు పంచె, మెడలో ముత్యాల హారం, కాళ్ళకి ముఖమల్ పాదరక్షలు. ఊరంతా గట్టుమీద చేరింది. రేవుకి కాస్త ఎడంగా పచ్చగా నాచు పట్టిన నేల ఉంది. పైకి గట్టి నేలలాగే కనిపిస్తుంది. అడుగున నడుములోతు బురద. గొడ్లు దిగబడతాయని పశువుల కాపరులు అటు పోనివ్వరు.

కొండుభట్టు సరిగ్గా దాని ముందు నిలబడి, అందరికీ వినబడేలా గొంతెత్తాడు.

"ప్రభూ, ఇటు రాకండి! నీళ్ళకి ఇది దగ్గర దారే గాని, ఇక్కడ దిగబడిపోతారు. మామూలు మనుషులు నడవలేని చోటు."

రాజుగారు ఆగాడు. "మామూలు మనుషులా? నేనెవర్ని?"

"అయ్యో, వద్దు ప్రభూ. చెబుతున్నాను కదా!"

"తప్పుకో" అని మార్తాండభూపతి అడుగు వేశాడు. రెండో అడుగు కూడా వేశాడు. మూడోది వేయడానికి కాలు రాలేదు. మోకాళ్ళ దాకా దిగాడు. గింజుకున్నకొద్దీ తొడల దాకా, ఆపైన నడుం దాకా కూరుకుపోయాడు. పసుపు పళ్ళెం బురదలో బోర్లా పడింది.

"చూస్తారేం? చెయ్యందించండి!" అని అరిచాడు.

సేనాపతి ముందుకు ఉరికాడు, సగంలో ఆగిపోయాడు. "ప్రభూ, నాది మొరటు చేయి. తమరి భుజం కీలు తప్పితే…"

"వైద్యుడేడీ?"

"ఇక్కడే ఉన్నాను మహారాజా. నడుము దగ్గర పట్టు బిగిసినప్పుడు లాగితే వెన్నుపూసకి ముప్పు. నేను లాగలేను."

"నేనేమీ అడగను! ఫిర్యాదు చేయను! మాట ఇస్తున్నాను!"

మంత్రి చేతులు నలుపుకున్నాడు. "ఆ మాట చెల్లదని తమరే చెక్కించారు ప్రభూ."

భేరీలు ఆగిపోయాయి. మార్తాండభూపతి తలెత్తి గట్టువైపు చూశాడు. వరసగా మొహాలు. అన్నీ తనవైపే చూస్తున్నాయి. చేతులన్నీ వెనక్కి కట్టుకుని ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆయన జనాన్ని ఎత్తునుంచే చూశాడు. కిందనుంచి చూడడం ఇదే మొదలు.

కాసేపటికి ఆయన గొంతు మారింది. "కొండుభట్టూ, ఆ గాజులామెకి కూడా ఇలాగే కనబడి ఉంటుందా?"

"ఆమె ఇంకా లోతునుంచి చూసింది ప్రభూ."

రాజుగారు కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, గట్టిగా అన్నాడు. "అందరూ వినండి. పుచ్చిన కర్రలు కట్టించినవాడు పరిహారం ఇవ్వాల్సిందే. కాని ప్రాణం కాపాడడానికి చాచిన చేతిని ఇకనుంచి ఏ న్యాయసభా విచారించదు. పాత తీర్పులు కూడా…"

ఆ మాట పూర్తికాకముందే పోలయ్య బురదలో బోర్లా పడుకుని ఆయన చేయి పట్టుకున్నాడు. కొండుభట్టు పోలయ్య నడుం పట్టుకున్నాడు. సేనాపతి, వైద్యుడు, రేవులో జనం, అందరూ దిగారు. ఎవరో తలపాగాలు విప్పి ముడివేసి విసిరారు. పెద్ద చప్పుడుతో రాజుగారు ఊడివచ్చాడు. పాదరక్షలు రెండూ అక్కడే ఉండిపోయాయి.

మార్తాండభూపతి గట్టుమీద కూలబడ్డాడు. మీసాలనిండా బురద. చుట్టూ ఉన్న బురద మొహాల్ని చూసి, ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. "ఓరి కొండుభట్టూ! నన్ను దింపిందీ నువ్వే, దిగొద్దని పదిమందిలో హెచ్చరించి శాసనానికి దొరక్కుండా తప్పించుకుందీ నువ్వే!" మెడలోని ముత్యాల హారం బురదతో సహా తీసి అతని మెడలో వేశాడు. పోలయ్యకి కొత్త పడవ చేయించమని మంత్రికి చెప్పాడు. గట్టంతా నవ్వులతో నిండిపోయింది.

నవ్వని మనిషి ఒక్కడే ఉన్నాడు. మోచేతుల దాకా బురదతో, కాస్త వెనగ్గా నిలబడ్డాడు. రాజుగారి చూపు అతని మీద పడింది.

"ఎవరతను?"

"సత్తెయ్య. నూకాలమ్మ భర్త. తలపాగా కొస పట్టుకుని లాగినవాళ్ళలో అతనూ ఉన్నాడు" అన్నాడు కొండుభట్టు.

మార్తాండభూపతి లేచి అతని దగ్గరకు నడిచాడు. "సత్తెయ్యా, నీకు జరిగినదానికి పరిహారం ఏం కావాలో అడుగు. ఏదైనా సరే."

సత్తెయ్య తల అడ్డంగా ఊపాడు. చాలాసేపు జనంవైపు చూశాడు. అతని గొంతులో కోపం లేదు.

"ఏమీ వద్దు ప్రభూ. మిమ్మల్ని లాగిన ఈ చేతులన్నీ ఆవేళ కూడా ఇక్కడే ఉన్నాయి."

అని, ఏట్లో చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. ఎవరూ అతన్ని ఆపలేదు.

తర్వాత ఎన్నో ఏళ్ళు కుందవరంలో పిల్లా పెద్దా రాజుగారు బురదలో దిగబడిన కథ చెప్పుకుని నవ్వుకునేవారు. కొండుభట్టుని కూడా చెప్పమని అడిగేవారు. ఎంత అడిగినా అతను మాత్రం ఆ కథ చెప్పేవాడు కాదట.